ముప్పై రెండో పేజీ

ఆ బుధవారం సూది గుచ్చుతుంటే నాలుగో కుర్చీలోని జప్తు టీచరు అబ్బా అనలేదు. విసుక్కోలేదు. "చెయ్యి నీదయితే ఇలాగే పొడుస్తావా?" అని అడగనూలేదు. డయాలసిస్ గదిలో పదకొండేళ్లుగా మనుషుల చేతులకు సూదులు గుచ్చుతున్న సూదమ్మకి ఒక సంగతి బాగా తెలుసు. తిట్టే మనిషితో భయం లేదు, తిట్టడం మానేసిన మనిషినే ఓ కంట కనిపెట్టి ఉండాలి.

సూదమ్మ అసలు పేరు అది కాదని వేరే చెప్పనక్కర్లేదు. గదిలో ఆరు కుర్చీలు, కుర్చీకొక మిషను. పొద్దున్న ఆరింటికి మొదలయ్యే జట్టుకి టెక్నీషియన్ తనొక్కతే. మనిషికి రెండు సూదులు, నాలుగు గంటలు. రక్తం ఒక గొట్టంలోంచి బయటికి పోయి, మిషన్లో శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ఆ నాలుగు గంటలూ రోగి కదలకూడదు, సూదమ్మ ఆగకూడదు. మధ్యాహ్నానికి కాళ్లు వాచిపోయి చెప్పులు తనవేనా అన్నట్టు ఉంటాయి. ఇంటికెళ్లేసరికి మొగుడు పనికి బయల్దేరుతూ గుమ్మంలో ఎదురవుతాడు. పెళ్లయి తొమ్మిదేళ్లయినా ఇద్దరూ ఎక్కువగా మాట్లాడుకున్నది ఆ గుమ్మంలోనే.

ఇక జప్తు టీచరంటే ముప్పై ఒక్కేళ్లు బళ్లో పాఠాలు చెప్పిన మనిషి. పాఠ్యపుస్తకంలో కామిక్స్ పుస్తకం దాచుకుని చదివే పిల్లల్ని వెనక బల్ల దాకా వెళ్లి మరీ పట్టుకునేదట. పట్టుకున్న పుస్తకం జప్తు. పిల్లలు పెట్టిన ఆ పేరు ఆవిడకి తెలుసు, అదంటే కాస్త గర్వం కూడా. పదవీ విరమణ అయ్యాక షుగరు ముందు కిడ్నీల్ని పట్టుకుపోయింది, ఆ తర్వాత కళ్లని. "నేను పుస్తకాలు జప్తు చేశాను, ఇది నన్ను చేస్తోంది" అని నవ్వేది. చింత చచ్చినా పులుపు చావలేదని గదంతా అనుకునేవాళ్లు.

అలాంటి మనిషి ఉలుకూ పలుకూ లేకుండా పడి ఉంది. చేయి పట్టుకుని తీసుకొచ్చే చెల్లెలు సూదమ్మని తలుపు దగ్గరికి పిలిచింది.

"శుక్రవారం నుంచి రానంటోందమ్మా."

"డాక్టరు గారికి చెప్పారా?"

"ఆయన చెప్పాల్సిందంతా చెప్పారు. అంతా విని, చాలండీ అలిసిపోయాను అంది. ఇష్టం లేకపోతే బలవంతం చెయ్యలేం అన్నారాయన." ఆవిడ చీర చెంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ నిలబడింది. "నువ్వేమైనా చెప్పి చూస్తావా?"

మానేసినవాళ్లు ఎన్నాళ్లుంటారో సూదమ్మకి తెలుసు. వారం, పది రోజులు, మహా అయితే రెండు వారాలు. కానీ ధైర్యం చెప్పడానికి కూడా ఓపిక ఉండాలి కదా. అది నిన్నటితోనే అయిపోయింది. నాలుగో కుర్చీ పక్కన నిలబడి, రక్తపోటు చూసి, నోటికొచ్చింది అడిగేసింది.

"టీచర్, బస్సులో నేనొకటి వింటుంటాను. మీరూ వింటారా?"

"మంచి మాటలా? వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి."

"మంచి మాటలు కాదండీ. కామిక్స్ గురించి."

టీచరు మొహం ఇటు తిప్పింది. చూపు లేకపోయినా ఆ తిప్పడంలో వెనక బల్ల దాకా నడిచొచ్చిన టీచరు ఉంది. "ఏమన్నావ్?"

"పాడ్‌కాస్ట్ అంటారు, ఫోన్లో వస్తుంది. పేరు 'చిరిగిన అట్ట'. ఓ అన్నా చెల్లెలూ పాత కామిక్స్ తీసుకుని గడి గడీ చెప్తారు. ఈ గడిలో ఏం బొమ్మ ఉంది, ఎవరేమన్నారు, గీసినవాడు ఎక్కడ బద్ధకించాడు, అన్నీ. మధ్యలో తెగ కొట్టుకుంటారు. నాకైతే రోజు మొత్తంలో నాదంటూ ఉండేది ఆ బస్సు గంటే టీచర్. మీకు నచ్చుతుందో లేదో తెలీదు. నాకు బాగుంటుంది."

అంతకంటే గొప్పగా సిఫార్సు చెయ్యడం ఆవిడకి రాదు. "పెట్టు. ఎలాగూ కదలనివ్వవుగా" అంది టీచరు.

సూదమ్మ తన ఇయర్‌ఫోన్లు తుడిచి ఆవిడ చెవుల్లో పెట్టింది. చివరి గంట అందరికీ గడ్డు గంట. కాళ్లు కొంకర్లు పోతాయి, దాహం వేస్తుంది, గడియారం ముందుకి జరగదు. ఆ గంటలో ఐదో కుర్చీ మిషను కూత పెడితే సూదమ్మ అటు పరిగెత్తింది. తిరిగొచ్చేసరికి టీచరు పెదవులు కదులుతున్నాయి.

"ఆ పిల్ల చెప్పిందే నిజం. అది నారింజ రంగే. ఆ అన్నకి కళ్లు లేవు" అంటోంది.

సూదమ్మ నవ్వింది. అందులో ఆశ్చర్యపోవాల్సింది ఒకటుందని తట్టలేదు. అలిసిన మనిషికి చాలా సంగతులు తట్టవు.

శుక్రవారం టీచరు వచ్చింది. సూది గుచ్చుతుంటే, "నెమ్మది" అని కసిరింది కూడా. ఇక అదే పద్ధతయింది. చివరి గంటలోనే వినాలి, ఇంట్లో వినకూడదు. ఇది ఎర అని ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ పైకి అనలేదు.

రెండు నెలలు అలా గడిచాక 'టపా విమానం' కథ మొదలైంది. అందులో ఒక పైలటమ్మ కొండల మీదుగా ఉత్తరాలు మోసుకుపోతుంటుంది. విమానం కూలిపోతుంది. ఆవిడ ఒక చేత్తో కొండ అంచు పట్టుకుని వేలాడుతుంటుంది, రెండో చేతిలో ఉత్తరాల సంచీ. సంచీ వదిలితే రెండు చేతులా పట్టుకుని పైకెక్కొచ్చు, వదలకపోతే ఆవిడకీ, సంచీకీ లోయే గతి. సరిగ్గా అక్కడ అన్నా చెల్లెలూ కథ ఆపి, తమకి ఒంట్లో ఓపిక తగ్గిందనీ, కొన్నాళ్లు సెలవనీ చెప్పేశారు. ఎన్నాళ్లో చెప్పలేదు.

అది సూదమ్మ బస్సులో ముందుగా విన్నది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఆ వారమే టీచరు మళ్లీ మాటలు తగ్గించింది. చెల్లెలు మళ్లీ తలుపు దగ్గర చెంగు వేలికి చుట్టుకుంటోంది. ఆ పుస్తకం కోసం సూదమ్మ పాత పుస్తకాల దుకాణాలు రెండు తిరిగింది. ఎవరి దగ్గరా లేదు.

"టీచర్, ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి" అంది సోమవారం. "కొత్త భాగం నేను విన్నాను. చెప్పేస్తాను, సరేనా?"

"ఊఁ" అంది టీచరు.

అలా అబద్ధం మొదలైంది. అబద్ధమాడితే అతికినట్టుండాలంటారు, సూదమ్మకి ఆ విద్య లేదు. సంచీ వదిలించడానికి ఆవిడకి చేతులు రాలేదు. వదిలితే కథ అయిపోతుంది, కథ అయిపోతే కుర్చీ ఖాళీ అవుతుంది. పదకొండేళ్లలో ఆ నాలుగో కుర్చీ ఎన్నిసార్లు ఖాళీ అయిందో ఆవిడ లెక్కపెట్టుకోవడం మానేసింది. కానీ ఈసారి మాత్రం వద్దనిపించింది. టీచరంటే ఆవిడకి ఇష్టం, అంతే. అందుకని పైలటమ్మని వేలాడదీసే ఉంచింది. ఒక రోజు వాన కురిపించింది. ఒక రోజు ఒక గద్దని తెచ్చింది. ఇంకేం తోచక ఆ గద్దకి గూడు పెట్టించింది, గూట్లో గుడ్లు పెట్టించింది. ఐదో వారానికి పిల్లలు కూడా పుట్టాయి. రెండో కుర్చీ మనిషి బరువు చూస్తూ ఒక ముక్క, ఆరో కుర్చీ గొట్టం సరిచేస్తూ ఇంకో ముక్క. కాళ్లు కొంకర్లు పోయి టీచరు పళ్లు బిగిస్తే, పిక్కలు రుద్దుతూ గద్ద సంగతి చెప్పింది. తనదంటూ ఉన్న బస్సు గంట కాస్తా రేపటి అబద్ధం కట్టుకోవడానికే సరిపోతోంది. బస్సు కిటికీకి తల ఆనించి, "ఆ తల్లి ఇంకెన్నాళ్లు వేలాడుతుంది భగవంతుడా" అనుకునేది. చేతులు నొప్పి పుట్టేది తనకే.

ఆరో వారం బుధవారం చెల్లెలు ఒక గుడ్డసంచీ తెచ్చి కుర్చీ పక్కన పెట్టి, మొహం అదోలా పెట్టుకుని బయట కూర్చుంది.

చివరి గంట వచ్చింది. సూదమ్మ గొంతు సవరించుకుంది. "అప్పుడేమయిందంటే టీచర్, ఆ పెద్ద గద్ద..."

"ఆ గద్దని ఇక వదిలెయ్యి తల్లీ" అంది టీచరు. "ఆ కథ ముప్పై రెండో పేజీలో అయిపోయింది. అందులో గద్దా లేదు, గుడ్లూ లేవు."

సూదమ్మ చేతిలోని ప్లాస్టరు చుట్ట కింద పడి, మూడో కుర్చీ కిందికి దొర్లిపోయింది. "మీకెలా తెలుసు?"

"చెప్పేవాడికి వినేవాడు లోకువని ఊరికే అన్నారా? సంచీలో ఉంది, తీసి చూడు."

సంచీలో ఒకే పుస్తకం ఉంది. అంచులు పసుపు తిరిగి, అట్ట సగం ఊడి ఉంది. 'టపా విమానం'. వెనక పెన్సిలుతో ఏదో తరగతి, ఏదో వరస నంబరు.

"ఏడాది చివర తిరిగిస్తానని చెప్పేదాన్ని పిల్లలకి" అంది టీచరు. గొంతు తగ్గింది. "ఇచ్చే ముందు అసలిందులో ఏముందో చూద్దామని ఇంటికి తీసుకెళ్లాను. ఒకటి చూశాక రెండోది. ఇక ఇవ్వబుద్ధి కాలేదు. పిల్లల సొమ్ము అది. అన్నీ ఒక పెట్టెలో దాచి, ఏమున్నాయంటే పరీక్ష పేపర్లని నా చెల్లెలికి చెప్పాను. నిన్న నిజం చెబితే నోరు తెరిచి కూర్చుంది. కళ్లు పోయినప్పుడు నేను ఏడ్చింది దేనికనుకున్నావు? మనుషులు కనపడరని కాదు."

"మొదటి రోజు నుంచీ తెలుసా టీచర్? నేను చెప్పేది అబద్ధమని?"

"వాన పడ్డ రోజే తెలుసు. ఆ పుస్తకంలో ఆకాశం అంతా నారింజే, వానెక్కడిది?"

"మరెందుకొచ్చారు?"

"ఇక పోనని ప్రతిసారీ అనుకుంటాను. నిజంగానే అలిసిపోయానే. ఈలోగా ఆ దిక్కుమాలిన గద్ద గుర్తొస్తుంది. నువ్వు దాన్నేం చేస్తావో చూద్దామని లేచి చీర కట్టుకుంటాను. సరే, ఇప్పుడు చదువు. గడి గడీ చెప్పు, సరిగ్గా చెప్పు."

సూదమ్మ తొడుగులు విప్పి, చేతులు కడుక్కుని, స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ గదిలో పని వేళ ఆవిడ కూర్చోవడం అంతకుముందెప్పుడూ ఎవరూ చూడలేదు. అందరూ అటే చూశారు.

"ముప్పై ఒకటో పేజీ. ఒకటే గడి, పేజీ అంతా. పైలటమ్మ వేళ్లు విప్పేసింది. సంచీ కిందికి పోతోంది, ఉత్తరాలు గాల్లో..." సూదమ్మ వేలు ఆ గడి మీదే ఆగింది. సంచీ వదిలేసింది. ఆరు వారాలు తను వదలనివ్వనిది.

"ఆగకు" అంది టీచరు.

"ముప్పై రెండు. నాలుగు గడులు. మొదటి దాంట్లో కొండ మీద వెల్లకిలా పడుకుని ఉంది. రెండో దాంట్లో కొండ దిగుతోంది, చాలా చిన్నగా కనిపిస్తోంది. పక్కన 'మూడు రోజులు' అని రాసుంది. మూడో దాంట్లో ఏటి ఒడ్డున రాళ్ల మధ్య వంగి ఉత్తరాలు ఏరుకుంటోంది. నాలుగో దాంట్లో..." సూదమ్మ పుస్తకం దగ్గరగా పెట్టుకుంది. "సంచీ పక్కన పెట్టుకుని రాయి మీద కూర్చుంది. బూట్లు విప్పుకుంటోంది. మాటల్లేవు. అంతే టీచర్. అయిపోయింది."

"అదీ" అంది టీచరు. "ఆ బూట్లు. నాకు ఆ గడి ఇష్టం."

సూదమ్మ పుస్తకం మూసింది. అయిపోయింది. ఇక చేతిలో గద్ద లేదు, గుడ్డు లేదు. శుక్రవారం వస్తారా అని అడగాలి, నోరు రాలేదు. లేచి తొడుగులు వేసుకుని, మిషను ఆపి, సూది మీది ప్లాస్టరు ఊడదీయడం మొదలుపెట్టింది.

"అటక మీద పెట్టెలో ఇంకా నూట పధ్నాలుగున్నాయి" అంది టీచరు. "రోజుకొకటి. బద్ధకించి గడులు మింగావంటే ఊరుకోను. గద్దల్ని తెచ్చావంటే అసలే ఊరుకోను."

వారానికి మూడు. సూదమ్మ మనసులో లెక్క వేసింది, ముప్పై ఎనిమిది వారాలు. తలుచుకుంటేనే కాళ్లు లాగేశాయి. నమ్మకం కుదరక మళ్లీ లెక్క వేసింది, ముప్పై ఎనిమిదే. చేతులకి తొడుగులున్నాయి, అందుకని మొహం భుజానికి తుడుచుకుంది.

"ఏమిటా ముక్కు చీదడం?"

"జలుబు టీచర్" అని, సూది బయటికి లాగింది.

"అబ్బా! చెయ్యి నీదయితే ఇలాగే పీకుతావా?"

"తప్పయింది టీచర్" అంది సూదమ్మ, దూది నొక్కి పట్టుకుని. "శుక్రవారం నెమ్మదిగా తీస్తాను."