పన్నెండో బెలూను

“అక్కడ బాత్రూం ఎక్కడని అడగడం రాక, కూర్చున్న కుర్చీలోనే పోసేసుకుంటే? పిల్లలందరూ నవ్వితే? ఆ దెబ్బకి బడంటేనే భయపడి ఇంక జన్మలో చదువుకోనంటే?”

ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కిండర్‌గార్టెన్ ఇంకా తెరవనే లేదు, తల్లి మాత్రం కూతురి చదువు అటకెక్కేదాకా వెళ్ళొచ్చేసింది. చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్న భర్త ఇస్త్రీపెట్టెను ఇంకాస్త గట్టిగా నొక్కాడు. ఆయన సమాధానాలు మామూలుగా అలాగే ఉంటాయి.

“వీడూ అంతే, ఐదేళ్ళొచ్చేదాకా నోరు విప్పలేదు,” అంది అత్తగారు బఠాణీలు ఒలుస్తూ. “మధ్యలో కొన్నాళ్ళు బాగానే మాట్లాడాడు. పెళ్ళయ్యాక మళ్ళీ మానేశాడు.”

కోడలికి ఆ మాట వినే తీరిక లేదు. కొత్త బడి నుంచి వచ్చిన కాగితాన్ని మడతల దగ్గర చిరుగు పట్టేదాకా చదువుతూనే ఉంది. చేరే ముందు ప్రతి పిల్లా ఒకసారి వచ్చి టీచరును కలవాలట. ఏం కావాలో తన నోటితో తాను చెప్పగలగాలట. చెప్పలేకపోతే ఇంకో ఏడాది ప్లేస్కూలే గతి.

ఇంట్లో బుడంకాయ అని పిలుచుకునే ఆ పిల్లకి ప్లేస్కూల్లో నోటితో పనే పడలేదు. కాళ్ళు దగ్గరికి పెట్టుకుంటే చాలు, ఆయా చంకనేసుకుని పరిగెత్తేది. ఇంట్లో ఆ శ్రమ కూడా లేదు, కాళ్ళు కదిలేలోపే తల్లి లాక్కుపోయేది. పాపం పిల్లకి నోట్లో నాలుక లేదని చుట్టాలంతా జాలిపడేవారు. ఆ నాలుక ఎక్కడికీ పోలేదు, తల్లి నోట్లోనే రెండోదిగా పని చేస్తోందని ఎవరికీ తట్టలేదు.

పదిరోజులు ఇంట్లో తర్ఫీదు నడిచింది. తల్లి అత్తగారి కళ్ళద్దాలు పెట్టుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని, ఏం కావాలమ్మా అని గంభీరంగా అడిగేది. పిల్ల పెదవి కదిలేలోపే కుర్చీ దిగి, కళ్ళద్దాలు తీసేసి, బాత్రూంకి వెళ్ళాలి టీచర్ అని సన్నటి గొంతుతో తనే బదులిచ్చేది. బుడంకాయ మంచం మీద కాళ్ళూపుకుంటూ ఇటూ అటూ చూసేది. పదో రోజుకల్లా తల్లికి పాఠం కంఠతా వచ్చేసింది.

రమ్మన్న రోజు రానే వచ్చింది. సంచిలో మూడు జతల బట్టలు, రెండు తువ్వాళ్ళు, ఒక దుప్పటి సర్దుకుని, వరదలొచ్చిన ఊరికి సాయం మోసుకెళ్తున్నట్టు తల్లి పిల్లని వెంటేసుకుని బయల్దేరింది. బళ్ళో కనబడిన ప్రతివాళ్ళనీ బాత్రూం ఎక్కడని అడిగింది. గేటు దగ్గర కాపలా ఆయన్ని, వరండా తుడిచే ఆమెని, ఆఖరికి తనలాగే బిక్కుబిక్కుమంటూ కూర్చున్న ఇంకో తల్లిని. ముగ్గురూ లోపల టీచరుగారు చూపిస్తారనే అన్నారు. దాంతో ఆమెకి అసలు ఈ బళ్ళో బాత్రూమనేది ఉందా అన్న కొత్త బెంగ పట్టుకుంది.

గదిలో కుర్చీలు మోకాలెత్తున ఉన్నాయి. ఒకదాంట్లో ఇరుక్కుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చుంది. గోడకి పదకొండు బెలూన్లు వేలాడుతున్నాయి. నెరిసిన జుట్టు టీచరు, తొందరంటే ఏమిటో తెలియని మనిషి, వంగి పిల్ల పేరడిగింది. తల్లి చెప్పింది. వయసడిగింది. తల్లి నెలలతో సహా చెప్పింది. ఏ రంగిష్టమని అడిగితే ఆకుపచ్చని చెప్పి, నిరుటిదాకా పసుపు ఉండేదని, ఎందుకు మారిందో కూడా వివరించింది.

టీచరు సొరుగు లాగి ఒక బెలూను తీసింది.

“గోడకి ఇంకొకటి కావాలండీ. కాస్త ఊదిపెడతారా? ముడి నేను వేస్తాను, అందాకా నోట్లోంచి తీయకండి.”

టీచరంతటి మనిషి అడిగితే కాదనడమా? ఊదడం మొదలుపెట్టింది.

అప్పుడు టీచరు నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. “నీకేం కావాలో చెప్పు తల్లీ.”

పిల్ల కాళ్ళూపుకుంటూ ఇటూ అటూ చూసింది. తల్లికి సమాధానం నాలుక చివరే ఉంది, బెలూనే అడ్డం. వదిలితే రయ్యిమని గదంతా తిరుగుతుంది, పరువు పోతుంది. చేసేది లేక పదిరోజుల పాఠాన్నీ బెలూన్లోకే ఊదింది. అది బొప్పాయంతై, గుమ్మడికాయంతైంది. దాని వెనకాల పిల్లా టీచరూ కనబడకుండా పోయారు. టీచరు మళ్ళీ అడగలేదు, మాట అందించలేదు. అయిపోయింది, ఇంకో ఏడాది ప్లేస్కూలే, ఆ పై ఏడాదీ అంతే, పెళ్ళీడొచ్చినా పాలపళ్ళ పిల్లల పక్కనే కూర్చుని అఆలు దిద్దుకుంటుంది నా తల్లి అని కళ్ళు తిప్పుకునేసరికి, గోడమీద బెలూన్లు కనబడ్డాయి. ఒక్కోదాని మీదా ఎవరు ఊదారో పెన్నుతో రాసి ఉంది. అమ్మ. అమ్మ. నాన్న. అమ్మ. ఒకదాని మీద తాతయ్య.

ఆమె ఊదడం ఆపింది. బెలూను మూతి వేళ్ళతో బిగించి పట్టుకుని, ఊపిరి కూడా గట్టిగా తీయకుండా కూర్చుంది.

చాలాసేపటికి గుమ్మడికాయ అవతల్నుంచి ఒక గొంతు, ఆమె ఇంట్లో ఎప్పుడూ పూర్తిగా విననిది, నింపాదిగా వినబడింది.

“మా అమ్మకి బాత్రూం చూపించండి టీచర్. వచ్చినప్పట్నించీ అందర్నీ అడుగుతోంది, ఎవ్వరూ చూపించట్లేదు.”