మూడో గదికి తలుపు

బల్ల అడుగున అంటుకున్న చూయింగ్ గమ్ మూడోసారి గీకితేగానీ ఊడిరాలేదు. రత్నకుమార్ నడుము పట్టుకుని లేచి, దాన్ని సంచిలో పడేశాడు. నాటింగ్‌హామ్‌లోని ఈ స్కూల్లో కేర్‌టేకర్‌గా పదకొండేళ్లు. తుడిచిన నేల మీద నడిచేవాళ్లకి తుడిచినవాడి మొహం గుర్తుండదు. ఇవాళ, శుక్రవారంతో పని ఆఖరు. సోమవారం నుంచి ఈ పనికి ఏదో కంపెనీ మనుషులొస్తారు. లండన్ వెంబ్లీలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతున్న సంగతి ఆఫీసులో తప్ప ఎవరికీ చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

కంప్యూటర్ల గదిలో ఇద్దరు పిల్లలే మిగిలారు, కిరణ్మయీ రితేషూ.

"అంకుల్, ప్లీజ్, జస్ట్ టెన్ మినిట్స్. మా మ్యూజియంకి విజిటర్ కావాలి," అంది కిరణ్మయి.

తొలినాటి అమెరికా చరిత్రను పరీక్ష ముందు నెమరేసుకోవడానికి పిల్లలే కంప్యూటర్లో కట్టిన మ్యూజియం అది. ఐదు గదులు. తలుపు బొమ్మ నొక్కితే గది తెరుచుకుంటుంది. టీచరు పెట్టిన షరతు ఒకటే. ఆ చరిత్ర తెలియని మనిషి అన్ని గదులూ తిరిగి, చివర ఐదు ప్రశ్నల్లో మూడింటికైనా సరిగ్గా చెప్పాలి. లేకపోతే మళ్లీ మొదటినుంచి కట్టాలి. పరీక్షేమో మంగళవారం.

"నేను ఏడుతో ఆపేసినోణ్ణమ్మా. నా మూలాన మీ పని చెడిపోద్ది."

"పర్ఫెక్ట్! హి నోస్ నథింగ్," అన్నాడు రితేష్. కిరణ్మయి బల్ల కింద వాడి కాలు తన్నింది.

రత్నకుమార్ చేతులు ప్యాంటుకి తుడుచుకుని కూర్చున్నాడు. గోళ్ల సందుల్లో మురికి, బొటనవేలి మీద బ్లీచ్ తినేసిన తెల్లమచ్చ. మౌస్‌ని మెల్లగా ముందుకు జరిపాడు. ఏడో తరగతిలో లెక్కల మాస్టారు అందరి ముందూ నిలబెట్టి అడిగిన ప్రశ్నకి తప్పు చెప్పి నవ్వులపాలయ్యాడు. మర్నాటినుంచి బడి మొహం చూడలేదు. అప్పుడు పోయింది తన పరువొక్కటే. ఇప్పుడు తప్పితే ఈ పిల్ల కష్టం కూడా పోతుంది.

మొదటి గదిలో ఓడ. రెండో గదిలో పొగాకు తోట. పెదాలు కదుపుతూ ఒక్కో అక్షరం చదివాడు. మూడో గదిలో, ఓడ ఎక్కే స్తోమత లేక, ఇన్నేళ్లు చాకిరీ చేస్తామని రాసిచ్చి వెళ్లిన ఇంగ్లీషువాళ్లు. ఒకే కాగితం మీద ఒప్పందం రెండుసార్లు రాసి, దాన్ని రంపపు పళ్లలా మధ్యకి కోసేవారట. ఒక ముక్క యజమానికి, ఒక ముక్క పనివాడికి.

అక్కడే ఆగిపోయాడు. ముసలివాళ్లని చూసుకునే కేర్‌హోమ్‌లో పనికని వీసా మీద వచ్చినప్పుడు తనూ ఇలాంటిదే సంతకం చేశాడు. రెండు ముక్కలూ యజమాని దగ్గరే ఉండిపోయాయి. ఐదేళ్లు అక్కణ్ణుంచి కదల్లేకపోయాడు.

"స్టక్ అయ్యారా, అంకుల్?"

"బయటికి దారేదమ్మా? ఈ గదికి తలుపు పెట్టలేదు."

కిరణ్మయి వంగి చూసింది. నిజంగానే మర్చిపోయారు.

"చిల్, అంకుల్. స్లైడ్‌లో ఫైర్ రాదు, ఎగ్జిట్ ఎందుకు," అని నవ్వాడు రితేష్.

"రాకపోయినా మనిషి బయటికి పోవాలిగా బాబూ. రోజూ పొద్దున్నే ఈ బళ్లో నేను చూసేది అదే, ఏ తలుపు తెరుచుకుంటంది, ఏది తెరుచుకోటం లేదని."

రితేష్ నవ్వు ఆపేశాడు. కిరణ్మయి నోట్సులో రాసుకుని, తర్వాతి గది తనే తెరిచింది.

ప్రశ్నలొచ్చాయి. పొగాకుది చెప్పాడు. తర్వాతి రెండూ తప్పాయి. నాలుగోది ఎలాగో తగిలింది. ఐదోది కిరణ్మయి మెల్లగా చదివింది. ఆ ఒప్పందం అసలుదో దొంగదో ఎలా తెలిసేది?

రత్నకుమార్ రెండు చేతుల వేళ్లూ ఒకదాని సందులో ఒకటి జొనిపాడు. "ముక్కలు రెండూ పక్కన పెడితే పళ్లు కలవాలి."

"త్రీ! అంకుల్, యు పాస్డ్!"

ఆ మాట అతనితో ఇంతవరకు ఎవరూ అనలేదు. కళ్లు తుడుచుకుంటే బ్లీచ్ మండింది.

"థాంక్యూ సో మచ్, అంకుల్."

"నేను చెప్పాలి తల్లీ. దేవుడు నిన్ను చల్లగా చూడాలి." ఈ దేశం మీది కోపం ఇంకా లోపల ఉంది. దాన్ని పక్కకి నెట్టి, పిల్ల నెత్తిన చెయ్యి పెట్టాడు.

"మండే కల్లా డోర్ పెట్టేస్తాం. కమ్ అండ్ సీ."

"అలాగేనమ్మా."

చివరి పేజీలో సందర్శకుల పుస్తకం తెరుచుకుంది. ఒక్క వేలితో నింపి లేచాడు. ఆఫీసులో తాళాలు ఒప్పజెప్పి, కోటు వేసుకుని బస్సెక్కాడు.

సోమవారం విరామంలో కిరణ్మయి వరండాలన్నీ వెతికి, రిసెప్షన్‌లో అడిగి, అతనిక రాడని తెలుసుకుని తిరిగొచ్చింది. తెర మీద మూడో గదికి కొత్త తలుపుంది. సందర్శకుల పుస్తకంలో ఒకే ఒక్క పేరు, రత్నకుమార్. దాని పక్కన 'మళ్లీ వస్తారా?' అన్న గడిలో అతను పెట్టిన టిక్కు.