పెరిగిన గాజు

గద్వాల నవరంగ్ బ్యాండులో క్లారినెట్ వాయించే హైదర్‌కు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. హోటల్లో చాయ్ ముందు పెడితే, తాగకముందే పక్కవాడి గ్లాసులోకి తొంగిచూసి, వాడికి మలాయి ఎందుకు పడింది, తనకెందుకు పడలేదని ఆలోచించే మనిషి. ఆటో డ్రైవర్ కొత్త దారి పడితే ఎందుకు పట్టాడని అనుమానం, పాత దారినే పోతే ఇందులో ఏదో ఉందని అనుమానం. అలాంటివాడికి ఆ ఏడు నిజంగానే అనుమానించదగ్గ సంగతి ఒకటి దొరికింది. ఇక చెప్పేదేముంది, వేరే పని లేకుండా పోయింది.

సంగతేమంటే, బ్యాండులో మైకు పట్టుకుని పాడే ఏసురత్నం మారిపోయాడు. గద్వాల నుంచి వనపర్తి దాకా, అటు నాగర్‌కర్నూల్ దాకా పెళ్లి ఊరేగింపులకు జనం నవరంగ్ బ్యాండును పిలిచేది రత్నం గొంతు కోసమే. ఆ మాట హైదర్ కూడా కాదనడు. అలాంటి రత్నం గుట్కా మానేశాడు. చల్లనీళ్లు ముట్టడం లేదు. పెళ్లిళ్లు లేని రోజుల్లో హైదరాబాదు బస్సెక్కి పోతున్నాడు, ఎందుకని అడిగితే బంధువులంటాడు. డోలు బాలస్వామి అయితే, వాడు ఫొటో స్టూడియోలో నల్లద్దాలు పెట్టుకుని, గడ్డం కింద చెయ్యి ఆనించి ఫొటో దిగుతుంటే కళ్లారా చూశానన్నాడు. బంధువుల కోసం ఎవడైనా నల్లద్దాలతో ఫొటో దిగుతాడా?

చివరకు రత్నమే బయటపెట్టాడు. సొంతంగా క్యాసెట్ తీస్తున్నాడట. అన్నీ ఈ పక్క పల్లెపాటలేనట, సినిమా పాట ఒక్కటీ ఉండదట. పైన తన పేరొక్కటే వేస్తారట, బ్యాండు పేరు వేస్తే పెళ్లి మేళమనుకుని ఎవరూ కొనరని కంపెనీవాళ్లు అన్నారట. బాలస్వామి సంతోషించాడు. హైదర్ మాత్రం పుల్లటి మామిడికాయ కొరికినట్టు నవ్వాడు. రత్నం పోతే బ్యాండు ఏమవుతుందన్న భయం ఒకటి. అంతకంటే పెద్ద భయం, రత్నం ఇంటికొచ్చి అడిగిన కోరికతో పట్టుకుంది.

"అన్నా, అమ్మ గాజుల పాట రెండో చరణం నాకు రాదు. జర పాడి వినిపియ్యి. నాకు రాసుకునుడు గీసుకునుడు తెల్వదు, చెవులవడితే చాలు."

హైదర్ తల్లి సుగ్రా బేగం మల్దకల్ చుట్టుపక్కల ఊళ్లు తిరిగి గాజులమ్మిన మనిషి. పెళ్లికూతురికి గాజులు తొడిగేటప్పుడు, ఎముక దగ్గర గాజు ఇరుక్కుని పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగేటప్పుడు, నొప్పి మరిపించడానికి ఆమె సొంతంగా కట్టుకున్న పాట అది. "చెయ్యి వదులు చెయ్యి బిడ్డా, గాజు ఎక్కేదాంక నువ్వు మా ఇంటి పిల్లవే" అనే మొదటి చరణం అందరికీ తెలుసు. రెండోది పెళ్లికూతురి చెవి దగ్గర నోరు పెట్టి మెల్లగా పాడేది. అది ఆమెకు, పక్కన గాజుల మూట మోసిన కొడుక్కు తప్ప ఎవరికీ రాదు. ఇప్పుడామె చేతులు వణుకుతున్నాయి, గాజుల బేరం ఎప్పుడో ఆగిపోయింది. ఆమె పేరు చెప్పుకోవడానికి మిగిలింది ఆ పాటే. రేపు అది ఏసురత్నం పాటై ఊరూరా మోగితే?

"అమ్మీ, వాడు నీ పాట ఎత్తుకపోతడు చూడు" అని హైదర్ తల్లిని రోజూ సతాయించేవాడు. పాటేమన్నా మేకనా ఎత్తుకుపోవడానికి, అని ఆమె తీసిపారేసేది. మేక అనగానే హైదర్‌కు ఉపాయం తట్టింది. మేకలు మందలో కలిసిపోతే గుర్తుపట్టడానికి చెవికి గాటు పెడతారు. పాటకూ ఒక గాటు పెడితే సరి.

ఎక్కడ పెట్టాలో వెతుక్కునే పని లేకపోయింది. గాజులవాళ్లు గాజు పగిలిందనే మాట నోట రానివ్వరు. అది మొగుడు పోయిన ఇంట్లో వినబడే మాట. గాజు చిట్లితే పెరిగింది అంటారు. చిన్నప్పుడు హైదర్ ఆ చెడ్డ మాట నోరుజారితే సుగ్రా బేగం మూతి మీద ఒకటిచ్చింది. అందుకే ఆమె చరణం "పెరిగిన గాజు పారెయ్యకు బిడ్డా, పుట్టింటి రంగు దాంట్ల ఉన్నది" అని ఉంటుంది. హైదర్ రత్నాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని "పగిలిన గాజు" అని పాడాడు. రేపు వాడు పాట నాదేనంటే నలుగురిలో నిలబెట్టి అడగొచ్చు: గాజులమ్మే ఆడమనిషి ఎవరైనా ఈ మాట అంటదా, ఇది నేను పెట్టిన గుర్తు, దొంగ దొరికిండు అని. రత్నానికి అవేవీ తెలియవు. చరణం విని, అన్న చేతులు పట్టుకుని, కళ్లు తుడుచుకున్నాడు. ఆ కన్నీళ్లు హైదర్‌కు మరింత అనుమానంగా తోచాయి.

ఎండాకాలం పెళ్లిళ్లు మొదలుకాకముందే క్యాసెట్ వచ్చింది. అట్ట మీద నల్లద్దాలు, గడ్డం కింద చెయ్యి. రత్నం ఇచ్చిన క్యాసెట్‌ను హైదర్ ఇంట్లో వినలేదు. సాక్షులుండాలని బాలస్వామిని, కీబోర్డు గోపిని బస్టాండు పక్క హోటలుకు పిలిచి, అక్కడి టేపులో వేయించి, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. గాజుల పాట వంతు వచ్చింది. పాటకు ముందు రత్నం మామూలుగా మాట్లాడుతున్నట్టు వినబడింది.

"ఈ పాట నాది కాదు. మల్దకల్ గాజుల సుగ్రా బేగం అమ్మ కట్టింది. నాకు ఇచ్చింది మా హైదరన్న. ఆయన క్లారినెట్ ఎనక నడుసుకుంటనే నేను పాడుడు నేర్సుకున్న."

హైదర్ కట్టుకున్న చేతులు వాటంతటవే విడిపోయాయి. ఇన్నాళ్లూ తను ఎంత నీచంగా ఆలోచించాడో తలుచుకుంటే సిగ్గేసింది, తల్లి పేరు బస్టాండులో మోగినందుకు గుండె పొంగింది. రత్నం ఎంత బాగా పాడాడంటే చాయ్ పోసేవాడు పోయడం ఆపేశాడు. అంతలో రెండో చరణం వచ్చింది. బాలస్వామి గ్లాసు కింద పెట్టాడు.

"మీ అమ్మ గా మాట అన్నదా హైదరూ?"

హైదర్ ఎప్పుడో చల్లారిన చాయ్‌ని ఊదుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత పాటను ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఆటోల్లో అదే, చీరల దుకాణాల్లో అదే. వనపర్తిలో ఒక పెళ్లింట్లో అలివేలమ్మ అనే పెద్దావిడ టేపు ఆపించింది. పెండ్లిపిల్ల ముందర పగిలిన గాజేంది, ఎవతి ఆ సుగ్రా బేగం, దాని నోట్లె మంచి మాటే లేదా అని దులిపేసింది. క్లారినెట్ పట్టుకుని ఆమె పక్కనే నిలబడ్డ హైదర్‌కు ఆ రోజు వాయించడానికి ఊపిరి అందలేదు. తన తల్లి పేరు ఇన్నేళ్లకు పదిమంది నోళ్లలో పడింది, పడింది ఇట్లా.

రత్నం ఊరుకోలేదు. బండేసుకుని వచ్చి సుగ్రా బేగం మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. కంపెనీ మళ్లీ కాపీలు వేయబోతోందట. తాను తప్పుగా విని ఉంటే ఈలోపే ఆ పాట మళ్లీ పాడతాడట. తనతో తెచ్చిన టేపులో చరణం వినిపించి ఆపాడు.

"అన్న సరిగ్గనే పాడి ఉంటడమ్మా. నా చెవే మోసం చేసిందేమో చెప్పు. నీ పేరు పాడైతున్నదని మస్తు పరేషానున్న."

సుగ్రా బేగం చూపు టేపు మీద నుంచి కొడుకు మీదికి వచ్చింది. రత్నం చెవి ఎట్లాంటిదో ఆమెకు బాగా తెలుసు. కొడుకు మనసు ఎట్లాంటిదో అంతకంటే బాగా తెలుసు. హైదర్ గోడకు ఆనుకుని నిలబడి క్లారినెట్ మీద లేని దుమ్ము తుడుస్తున్నాడు. 'నేనే మార్చిన' అనే మాట నాలుక చివరి దాకా వచ్చింది. అది విన్నాక రత్నం మళ్లీ ఈ గడప తొక్కడన్న భయం దాన్ని అక్కడే పట్టుకుంది.

"నీ చెవిది తప్పేం లేదు బిడ్డా," అంది ఆమె. "పగిలిన గాజు అనే పాడిన. అది నా మాటనే."

ఆ మాట తల్లి నోట రావడం హైదర్ బుద్ధెరిగాక అదే మొదటిసారి.

రత్నం ముఖం తేటపడింది. అమ్మ మాటే అయితే ఊరంతా ఏమన్నా సరే అక్షరం కూడా మార్చనని, ఆమె చేతులు కళ్లకద్దుకుని లేచాడు. అతను గడప దాటేదాకా ఆగి ఆమె కొడుకును దగ్గరికి రమ్మంది. గొంతులో కోపం లేదు.

"దొరికిండా బేటా, నీ దొంగ?"

హైదర్‌కు తల ఎత్తబుద్ధి కాలేదు. బయట రత్నం బండి ఎంత తన్నినా స్టార్టు కావడం లేదు. మధ్యమధ్య ఆ చరణమే కూనిరాగం తీస్తూ, హైదరన్నా జర వచ్చి తొయ్యవా అని పిలిచాడు. హైదర్ క్లారినెట్ పక్కన పెట్టి, కళ్లు తుడుచుకుని, బండి తోయడానికి వెళ్లాడు.