ముత్తయ్య హోటల్లో రెండో మాట

మస్కట్‌లో మేస్త్రీ పని చేసే గోపాల్ కరోనా రెండో ఏడు ఎండాకాలంలో తన మాట ఫోన్లో రికార్డు చేసి ఇంటికి పంపాడు. టీకా వేసుకున్నవాళ్లు రెండేళ్లకు మించి బతకరట. మాస్కు పెట్టుకుంటే మన గాలి మనమే పీల్చి సొమ్మసిల్లుతామట. ఈ "అట"లు ఎవరివో అతనికీ తెలియదు.

గల్ఫ్ నుంచి వచ్చిన మాటకు అతని వాడలో గల్ఫ్ అత్తరుకున్నంత విలువ. తండ్రి హనుమండ్లు చొప్పదండిలో ముత్తయ్య హోటల్ ముందు బెంచీ మీద కూర్చొని దాన్ని స్పీకర్‌లో పెట్టాడు. అడిగినవాళ్లకల్లా మళ్లీ వినిపించాడు. మర్నాటికి బడిలో టీకాలు వేసే నర్సు ముందు కుర్చీలు ఖాళీ.

పక్కింటి కమలవ్వ కూడా అది విని టీకా మానుకుంది. నెల తిరక్కుండా జ్వరమొస్తే కరీంనగర్ దవాఖానకు తీసుకుపోయారు. మళ్లీ ఇంటికి రాలేదు.

నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. షుగరూ ఆయాసమూ ఉన్న గోపాల్ తల్లి భూమవ్వకు అంత వ్యవధి లేదు. కోడలు సృజనకు భయం పట్టుకుంది. ఎంత చెప్పినా భూమవ్వది ఒకటే మాట: "నా కొడుకు నాకు అబద్ధం జెప్తడా?"

శుక్రవారం గల్ఫ్‌లో సెలవు. గోపాల్ వీడియో కాల్ చేశాడు. గడ్డం కింద మాస్కు వేలాడుతోంది.

"నువ్వు సూది ఏసుకున్నవా?" సృజన నేరుగా అడిగింది.

"రెండూ ఏసుకున్న. లేకుంటే కంపెనీ గేటు లోపటికి రానియ్యరు."

భూమవ్వ ఫోను లాక్కుంది. "మరి మాకెందుకు గట్ల జెప్పినవ్ కొడుకా?"

"ఎవడో జెప్తే నేను జెప్పిన అవ్వా. మీ మంచికే అనుకున్న. నువ్వు సప్పుడుజేయక పోయి ఏసుకో."

"ఏసుకుంటే ఇగ రోగం రాదా?"

"కొందరికి వస్తది అత్తమ్మా," అంది సృజన. "కానీ పానం మీదికి వచ్చుడు శానా తక్కువైతది. మిరపకాయలు దంచేటప్పుడు ముక్కుకు కొంగు కట్టుకుంటవ్. ఘాటంత పోతదా? తక్కువైతది. మాస్కు గూడ గంతే."

భూమవ్వ ఫోన్లోకి చూసి అంది. "కమలవ్వ గూడ నీ మాటనే ఇన్నది. అబద్ధం హోటల్ కాడ అందరికీ ఇనిపిచ్చినవ్. నిజం నా ఒక్కదాని చెవుల జెప్తున్నవా?"

గోపాల్‌కు సిగ్గేసింది. ఆ రోజే ఇంకో మాట రికార్డు చేసి పంపాడు.

మర్నాడు పొద్దున్నే భూమవ్వ మాస్కు కట్టుకొని, హనుమండ్లను వెంటబెట్టుకొని, అదే బెంచీ మీద కూర్చొని స్పీకర్ పెట్టింది. "నేను రెండుసార్లు ఏసుకున్న, మంచిగున్న. ముందుగాల తెల్వక జెప్పిన. తప్పయింది," అంది కొడుకు గొంతు. హనుమండ్లు తలెత్తలేదు.

"మస్కట్ కంపెనోళ్లు జెప్పిచ్చి ఉంటరు," అన్నాడు ముత్తయ్య చాయ్ పోస్తూ. అందరూ తలూపారు. మొదటి మాటకు మాత్రం ఎవరూ సాక్ష్యం అడగలేదు. భూమవ్వ లేచి బడి వైపు నడిచింది.

సాయంత్రం గోపాల్ ఫోన్ చేశాడు. "సూదికి ఎంతమంది వచ్చిండ్రు అవ్వా?"

"నా ఎంట మీ బాపు ఒక్కడే వచ్చిండు."

"నా మాట ఇనలేదా?"

"ఇన్నరు. గా మొదటిదే బాగుందంటుండ్రు."