పాల్ ఏడ్చిన పాట

కుర్రతనంలో అరగదీసిన ఇంగ్లిష్ రాక్ పాటల రికార్డును మళ్లీ వినాలని పాల్ పాత ప్లేయరును రిపేరు చేయించి లింగాలలోని ఇంటికి తెచ్చాడు. ముల్లు పెట్టగానే మొహం చిట్లించాడు.

"గిదేంది, గింత ఉరుకుతున్నది? గా రిపేరోడు ఖరాబు చేసిండు!"

మీటలన్నీ తిప్పాడు. పెట్టె మీద ఒక్కటిచ్చాడు. పాట జోరు తగ్గలేదు.

బియ్యం చెరుగుతున్న అక్క సారమ్మ నవ్వింది. "ఖరాబేం కాలే తమ్మీ. గప్పుడు ఊరంత బోరు మోటర్లు నడుస్తుంటె మనింట్ల వోల్టేజీ ఉండకపోతుండె. రికార్డు ఈడ్చుకుంట తిరుగుతుండె."

నమ్మక పాల్ ఫోన్‌లో అదే పాట పెట్టాడు. అక్కడా అదే జోరు.

"నేను ఇష్టపడ్డ పిల్లకు పెండ్లైననాడు గీ పాటనే పెట్టుకొని తెల్లారేదాక ఏడ్చిన గదక్కా! గిది డ్యాన్సు పాటనా?"