జాడీలో గుప్పెడు ఉప్పు

అత్తయ్యగారు కాకినాడ బయల్దేరుతూ నాకు మూడే మాటలు చెప్పారు.

"రోజూ పొద్దున్నే తెడ్డుతో ఒకసారి కలుపు. మళ్ళీ వాసెన గట్టిగా కట్టు. ఇంకేం చెయ్యకు."

నన్ను ముంచింది ఆ మూడో మాటే.

మా అత్తగారు సంపూర్ణమ్మగారు నరసాపురంలో తమ చర్చి సంఘానికి పద్దెనిమిదేళ్ళుగా ద్రాక్షారసం చేసి ఇస్తున్నారు. ఈస్టర్ ముందు నలభై రోజుల ఉపవాసాలు మొదలయ్యే భస్మ బుధవారం నాడు నల్లద్రాక్ష కడిగి, పాతచీర మీద ఆరబెట్టి, చేత్తో చిదుముతారు. పంచదార, కాచి చల్లార్చిన నీళ్ళు, వేయించిన గోధుమలు కలిపి పెద్ద జాడీకి ఎత్తుతారు. మూతికి తెల్లగుడ్డ కప్పి నులకతాడుతో బిగిస్తారు. అదే వాసెన. ఈస్టర్‌కి వారం ముందొచ్చే మట్టలాదివారానికి ముందురోజు వడకట్టి సీసాల్లో పోస్తారు. ఈస్టర్ నాడు గుడిలో ప్రభువు బల్ల దగ్గర రొట్టెతో పాటు అందరూ తీసుకునేది అదే. ఆ రోజు ప్రకటనల్లో ద్రాక్షారసం ఇచ్చినవారి పేరు చదువుతారు. పద్దెనిమిదేళ్ళుగా ఒకటే పేరు.

నేను ఆ ఇంటికి వచ్చి నాలుగు నెలలు. మాది పాలకొల్లు దగ్గర వ్యవసాయ కుటుంబం, హిందువులం. వేసవి వస్తే మా పెరడంతా ఆవకాయ, మాగాయ జాడీలే. మా ఆయన శ్యాంబాబు, నేను బీఎడ్‌లో క్లాస్‌మేట్స్. అప్పుడు 'శ్యామ్, నువ్వు' అని పిలిచినదాన్ని, ఇప్పుడు వీధిలో 'ఏవండీ' అంటుంటే నాకే నవ్వొస్తుంది. ఆయన జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్తారు. పెళ్ళయ్యాక వచ్చిన మొదటి క్రిస్మస్‌కి అత్తయ్యగారు చిన్న గాజుగ్లాసులో నాకు ద్రాక్షారసం పోసి ఇచ్చారు. జీవితంలో అదే మొదటిసారి. ముందు పులుపు, తర్వాత గొంతు చివర తీపి, అంతా అయ్యాక ఎక్కడినుంచో వేయించిన గోధుమల వాసన. ఆ గ్లాసు ఖాళీ అయ్యాక కూడా అరగంట చేతిలో పట్టుకుని తిరిగాను.

మా ఆడపడుచు మెర్సీని డాక్టరు నెల ముందే ఆసుపత్రిలో చేరమనడంతో అత్తయ్యగారు హఠాత్తుగా కాకినాడ వెళ్ళాల్సి వచ్చింది. వెళ్ళే ముందు ఆదివారం గుడి బయట స్త్రీల సమాజం అధ్యక్షురాలు దీవెనమ్మగారు అడిగారు.

"మరి జాడీ ఎవరు చూస్తారు సంపూర్ణా?"

"మా కోడలు చూస్తుంది."

దీవెనమ్మగారు నన్ను పైనుంచి కిందికి చూసి, "చూద్దాం లెండి," అన్నారు.

ఆ రెండు మాటలూ నా చెవిలో అలాగే ఉండిపోయాయి. అందుకే వారం రోజులపాటు నేను జాడీకి చంటిపిల్లకు చేసినంత సేవ చేశాను. పొద్దున్నే స్నానం చేసి, వాసెన విప్పి, బుడగల చప్పుడు వినేదాన్ని. చెవి దగ్గరగా పెడితే సన్నగా గుసగుసలాడినట్టు ఉంటుంది. శ్యామ్‌ని నిద్ర లేపి మరీ వినిపించేదాన్ని.

తర్వాత శని, ఆదివారాలు మేమిద్దరం రాజమండ్రి వెళ్ళాం. తప్పే. ఆదివారం గుడి కూడా మానేశాం. రోజ్‌మిల్క్ తాగాం, పుష్కర ఘాట్ మెట్ల మీద కూర్చుని వంతెన మీద రైళ్ళు లెక్కపెట్టాం. పదకొండు. జాడీ ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున్న వాసెన విప్పేసరికి పైన తెల్లటి పొర. పల్చగా, ముడతలు పడి ఉంది.

ఆ పొర నాకు తెలుసు. మాగాయ మీద వస్తుంది, ఉప్పు తగ్గితే. మా అమ్మ అలాంటిది చూస్తే ఒక్క క్షణం కూడా ఆలోచించదు. పొర తీసేసి, గుప్పెడు రాళ్ళుప్పు వేసి కలిపేస్తుంది. నేనూ ఆలోచించలేదు. చెయ్యి దానంతట అదే ఉప్పు డబ్బాలోకి వెళ్ళింది, దానంతట అదే జాడీలోకి వెళ్ళింది. తెడ్డుతో మూడుసార్లు తిప్పి, వాసెన కట్టి, కాపాడేశానని సంతోషంగా కాఫీ పెట్టుకున్నాను.

కాఫీలో పంచదార వేస్తుంటే గుర్తొచ్చింది, జాడీలో ఉన్నది మాగాయ కాదు.

శ్యామ్ జాడీలోంచి చెంచాడు తీసి నోట్లో వేసుకుని, పెరట్లోకెళ్ళి ఉమ్మేసి వచ్చారు.

"తియ్యలేమా?" అని అడిగాను.

"ఉప్పునా? మరిగిస్తే ద్రాక్షారసం పోతుంది, ఉప్పు మిగులుతుంది."

"మీరు కెమిస్ట్రీ మాస్టారు కదండీ."

"అందుకే చెప్తున్నా."

మట్టలాదివారానికి పదమూడు రోజులుంది. కొత్తగా వేస్తే నలభై రోజులు కావాలి. ఆ సాయంత్రం అత్తయ్యగారు ఫోన్ చేశారు. మెర్సీకి ఆడపిల్ల పుట్టింది, తల్లీబిడ్డా బాగున్నారు. పాప వేళ్ళు ఎంత పొడవున్నాయో చెప్పి, ఆఖర్న అడిగారు.

"జాడీ ఎలా ఉంది?"

"బాగుందండి," అన్నాను. ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు అదే ప్రశ్న, అదే జవాబు.

శనివారం శ్యామ్ ఒక ఉపాయం చెప్పారు. డెల్టాలో ప్రతి ఊళ్ళోనూ సంఘానికి ద్రాక్షారసం చేసే పెద్దావిడ ఒకరుంటారు. వాళ్ళందరిదీ రుచి చూద్దాం, అమ్మదానికి దగ్గరగా ఉన్నది తెచ్చి జాడీలో పోద్దాం. బీరువాలో నిరుటి సీసా అడుగున రెండు వేళ్ళ మందం మిగిలింది. దాన్ని హోమియో మందు సీసాలోకి ఒంపి నా హ్యాండ్‌బ్యాగులో పెట్టుకున్నాను. బండి నడిపేవాళ్ళు తాగకూడదు కాబట్టి రుచి చూసే పని నాదే.

పాలకొల్లులో రిటైర్డ్ టీచర్ ప్రిస్కిల్లాగారు మమ్మల్ని చూసి తెగ సంబరపడ్డారు. "ఇంట్లో ఫంక్షన్ ఉందండి," అని శ్యామ్ అబద్ధం చెప్పారు. ఆవిడ అల్మరా తెరిస్తే నాకు భయం కూడా మర్చిపోయినంత ముచ్చటేసింది. సీసాలన్నిటికీ ఆవిడ అక్షరాలతో చీటీలు. నిరుటి నేరేడు, అనాస, అల్లం, నల్లద్రాక్ష. స్టీలు గ్లాసుల్లో వేలెడేసి పోసి, ఒక్కోదాని మధ్య నాలుగు మరమరాలు తినమన్నారు.

"నాలిక కడుక్కున్నట్టు ఉంటుందమ్మా."

నేరేడుది నాలికని పట్టుకుని వదల్లేదు. అనాసది తాగుతుంటే నవ్వొచ్చింది, ఎందుకో తెలీదు. ద్రాక్షది మాత్రం మాడ్చిన పంచదారతో నల్లగా, పాకంలా ఉంది. నా సీసాలోది ఒక చుక్క నాలిక మీద వేసుకుని చూశాను. దీనికీ దానికీ పోలికే లేదు. తల అడ్డంగా ఊపాను.

"ఏంటమ్మా, బాగాలేదా?"

"చాలా బాగుందండి. అందుకే భయమేసింది," అన్నాను. నాకే అర్థం కాలేదు ఏమన్నానో.

మొగల్తూరు వెళ్ళే దారిలో రొయ్యల చెరువుల గాలి మొహానికి కొడుతుంటే వెనక కూర్చుని ఆయన చొక్కా గట్టిగా పట్టుకున్నాను. "దొరక్కపోతే?" అన్నాను. ఆయన వినిపించనట్టు హారన్ కొట్టారు.

మొగల్తూరు సంఘానికి ద్రాక్షారసం చేసే ఏసమ్మగారికి ఎనభై దాటి ఉంటాయి. వరండాలో మంచం మీద కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నారు. అక్కడా ఫంక్షన్ అనే చెప్పాం. ఆవిడ లోపలికి వెళ్ళి గాజుగ్లాసులో తెచ్చారు. ఒక్క గుక్క వేసుకున్నాను. ముందు పులుపు. తర్వాత, గొంతు చివర, తీపి. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గోధుమల వాసన బదులు లవంగం ఉంది గానీ మిగతాదంతా అదే. గాభరాగా బ్యాగులోంచి సీసా తీశాను.

"అదేంటే?" అన్నారు ఆవిడ, చెయ్యి చాపి. సీసా లాక్కుని, అరచేతిలో చుక్క వేసుకుని నాకారు.

"ఇది సంపూర్ణ చేతిది."

నేను శ్యామ్ వెనక్కి జరిగాను.

"గోధుమలు వేయించి వేస్తుంది. పచ్చివే వెయ్యవే అంటే వినదు. నా దగ్గరే నేర్చుకుంది, నాకే చెప్తుంది. నువ్వు దాని కొడుకువా?"

"ఆయ్," అన్నారు శ్యామ్, దొంగ దొరికినట్టు.

నేను మొత్తం చెప్పేశాను. రాజమండ్రి, పొర, ఉప్పు, ఫోన్లు, దీవెనమ్మగారు. ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ నవ్వారు. పళ్ళు లేని నోరు చేత్తో మూసుకుని, భుజాలు కదిలేలా నవ్వారు.

"నాలుగు సీసాలిస్తాను. బల్లకి అడిగితే కాదనకూడదు."

"చాలా థాంక్సండి మామ్మగారూ."

"ఆగు. నా పేరు చదవాలి."

"ఏంటండి?"

"ప్రకటనల్లో. పద్దెనిమిదేళ్ళుగా మీ గుళ్ళో దాని పేరే చదువుతున్నారు. నా సరుకు దాని పేరు మీద బల్లెక్కదు. మొగల్తూరు ఏసమ్మ అని చదివిస్తానంటే పట్టుకెళ్ళండి. లేకపోతే అక్కడ పెట్టండి."

శ్యామ్ నా వైపు చూశారు. ఆ పేరు చదివించాలంటే అత్తయ్యగారికి చెప్పక తప్పదు. చెప్పకుండా ఉండడానికే కదా ఇంత దూరం వచ్చింది. సీసాలు వదిలేసి వెళ్తే బల్ల మీదకి ఏమీ ఉండదు.

"చదివిస్తానండి," అన్నాను.

వారం రోజులు ఆ నాలుగు సీసాలూ మా మంచం కింద ఉన్నాయి. వాటి మీద పడుకుంటే నిద్ర పట్టేది కాదు. పారబొయ్యడానికి ధైర్యం చాలక ఉప్పు జాడీకి వాసెన అలాగే ఉంచాను. ఫోన్లో చెప్పెయ్యమని శ్యామ్ రెండుసార్లు అన్నారు. బాలింత పక్కన కూర్చున్న మనిషికి ఎలా చెప్పను? ఆ సాకు నాకు బాగా ఉపయోగపడింది.

మట్టలాదివారానికి ముందు శనివారం మధ్యాహ్నం బస్టాండుకి ఒక్కదాన్నే వెళ్ళాను. అత్తయ్యగారు దిగుతూనే ఫోన్లో పాప ఫోటోలు చూపించారు. ఆటో ఎక్కాం. ఇల్లు చేరేలోపు చెప్పాలని నిర్ణయించుకున్నాను. గాంధీబొమ్మ దాటింది, చెప్పలేదు. లేసుల దుకాణాలు దాటాయి. ఇంక రెండు మలుపులున్నాయనగా నోట్లోంచి వచ్చేసింది.

"అత్తయ్యగారూ, జాడీలో ఉప్పేశానండి."

ఆవిడ ఫోన్ ఒళ్ళో పెట్టుకున్నారు.

ఇంట్లోకి వెళ్ళి, కాళ్ళు కూడా కడుక్కోకుండా వాసెన విప్పారు. తెడ్డు ముంచి, చివర నాలికకి ఆనించుకున్నారు. మొహం ఒకసారి ముడుచుకుంది.

"ఎంతేశావు?"

"గుప్పెడండి."

"నీ గుప్పెడా, నా గుప్పెడా?"

నా చెయ్యి చాపి చూపించాను. ఆవిడ తన పిడికిలి దాని పక్కన పెట్టి చూశారు. తిడితే బాగుండును అనిపించింది.

"ఫోన్లో బాగుంది, బాగుంది అన్నావు."

"భయమేసిందండి."

"ఉప్పేసినందుకు కాదు నాకు కోపం," అన్నారు, మెల్లగా. "ఇన్ని రోజులూ నన్ను వెర్రిదాన్ని చేశావు."

ఏడుపొచ్చింది గానీ, ఏడిస్తే అది కూడా సాకే అవుతుందని ఆపుకున్నాను. మంచం కిందనుంచి సీసాలు తెచ్చి ముందు పెట్టి, ఏసమ్మగారి షరతు చెప్పాను.

ఆవిడ పేరు వినగానే అత్తయ్యగారు కుర్చీలో వెనక్కి వాలారు. ఒక సీసా మూత తీసి వాసన చూశారు. రుచి చూడలేదు. మూత బిగించి లోపలికెళ్ళి తలుపు వేసుకున్నారు. రాత్రి భోజనాల దగ్గర కూడా పాప గురించే మాట్లాడారు. పేరు సంగతి ఎత్తలేదు. మట్టలాదివారం అలాగే గడిచింది. పరిశుద్ధ వారం అలాగే గడిచింది. ఒప్పుకున్నారో లేదో నాకు తెలీదు. ఇచ్చిన మాట పోతుందేమోనని ఒక భయం, నిలబడితే అత్తయ్యగారు తల దించుకోవాల్సి వస్తుందని ఇంకో భయం. ప్రకటనలు చదివే సంఘం సెక్రటరీగారికి చీటీ ఎవరిచ్చారో, అందులో ఏముందో అడిగే ధైర్యం శ్యామ్‌కీ లేదు.

ఈస్టర్ పొద్దున్న గుడి నిండిపోయింది. నేను అత్తయ్యగారి పక్కన కూర్చున్నాను. రెండు వరసల ముందు దీవెనమ్మగారి జడలో మల్లెలు. సెక్రటరీగారు కళ్ళజోడు సర్దుకుని ప్రకటనలు మొదలుపెట్టారు. పువ్వులు ఇచ్చినవారు, రొట్టె చేసినవారు. నా వేళ్ళు చీర కుచ్చిళ్ళని నలిపేస్తున్నాయి.

"ద్రాక్షారసం, మొగల్తూరు కాపురస్తులు ఏసమ్మగారు."

దీవెనమ్మగారు చటుక్కున వెనక్కి తిరిగారు. ఆవిడతో పాటు ఇంకో పదిమంది. అత్తయ్యగారు తల దించుకోలేదు.

"వెళ్ళి తెచ్చినవారు," అని సెక్రటరీగారు చీటీని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నారు, "సంపూర్ణమ్మగారి కోడలు హారతి."

దీవెనమ్మగారు ఇంకా చూస్తూనే ఉన్నారు. నేను ఎటు చూడాలో తెలీక బల్ల మీద తెల్లగుడ్డ వైపు చూశాను.

నేనింకా బాప్తిస్మం తీసుకోలేదు కాబట్టి బల్ల దగ్గరికి వెళ్ళకుండా కూర్చునే ఉన్నాను. అత్తయ్యగారు వరసలో వెళ్ళి, మోకరించి, గిన్నె అందుకుని, తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నారు. కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. పాట మొదలయ్యాక, పాటల పుస్తకం అడ్డం పెట్టుకుని నా చెవి దగ్గరికి వంగారు.

"లవంగాలు మూడేసింది ముసల్ది. సీసాకి ఒకటి చాలు."

"ఏంటండి?"

"వచ్చే ఏటికి గుర్తుపెట్టుకో," అని పుస్తకం నా చేతిలో పెట్టి, పాట ఏ పేజీలో ఉందో వేలితో చూపించారు.