భీమేశ్వరరావు గారు తీసేసిన పాత ఫైలు

భీమేశ్వరరావు గారు ముప్ఫై నాలుగేళ్ళు కేంద్ర ప్రభుత్వ రికార్డు సెక్షన్‌లో పనిచేశారు. కొన్ని లక్షల పాత ఫైళ్ళను నియమం ప్రకారం తగలబెట్టించి, ఒక్కదానికీ సంజాయిషీ ఇచ్చుకోకుండా రిటైరయ్యారు. ఆ పేరు చూసే దేశ రాజధానిలోని ఆర్.కె. పురం తెలుగు సంఘం వారు తమ గ్రంథాలయం తాళాలు ఆయన చేతిలో పెట్టారు. తాళాలు ఆయన చేతిలో, పుస్తకాలు ఆయన భార్య అనసూయమ్మ చేతిలో ఉండేవి.

అనసూయమ్మ ఐదో తరగతితో బడి మానేసిన మనిషి. భర్త ఆఫీసు నుంచి తెచ్చే చిత్తుకాగితాల వెనకవైపు రాసుకుంటూ, దొరికిందల్లా చదువుకుంటూ ఇంతదాకా వచ్చింది. సంఘంలో ఉన్న రెండు వేల నూట పదకొండు పుస్తకాలూ చదివి, ప్రతి పుస్తకం పేరు కిందా రెండేసి వాక్యాలు కంప్యూటర్లో రాసింది. "ఇందులో తల్లి మంచిది కాదు. అయినా ఆవిడ మీదే జాలేసింది" వంటివి. దానికి నాలుగేళ్ళు పట్టింది. నకలు లేదు. నకళ్ళు పెరిగితే అసలు ఏదో తెలియకుండా పోతుందని భీమేశ్వరరావు గారు ఒప్పుకోలేదు.

దగ్గర్లోని జియా సరాయ్‌లో గది తీసుకుని చదువుకునే రోజుల్లో రఘురామ్ అనే కుర్రాడు గ్రంథాలయంలోని పాత కంప్యూటర్లో లినక్స్ అనే వ్యవస్థ వేసి, ఆవిడకు తెలుగు టైపు చెయ్యడం నేర్పాడు. ఇప్పుడు గుర్గావ్‌లో ఉద్యోగం. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ ఒక తాళంమాట అడుగుతుంది. అది చెప్పకపోతే లోపల ఉన్నది దేవుడు దిగివచ్చినా చదవలేడు. ఆ మాటను భీమేశ్వరరావు గారే ఎంచి, కాగితం మీద రాసి, కవర్లో పెట్టి లక్కతో సీలు వేశారు.

తాళంమాట అడిగే అవసరం మాత్రం పద్నాలుగు నెలలుగా రాలేదు. అనసూయమ్మ కంప్యూటర్ని ఆపనివ్వలేదు. తొమ్మిది బదిలీల్లో తొమ్మిది స్టేషన్లలో "మళ్ళీ కలుద్దాం" అంటూ చేతులు ఊపినవాళ్ళలో ఒక్కరూ ఆవిడకు మళ్ళీ కనబడలేదు. అప్పటినుంచీ ఒకసారి మూసింది తిరిగి తెరుచుకుంటుందంటే నమ్మకం కుదరదు. కరెంటు పోయినా ఆగకుండా ఇన్వర్టరు కూడా పెట్టించింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం కంప్యూటర్, తన మూలభాగాల్లో ఒకటి పాతబడిందనీ కొత్తది వేసుకుంటాననీ అడిగింది. భీమేశ్వరరావు గారు అనుమతి ఇచ్చారు. పని సగంలో ఆగిపోయింది. ఆయన, ఎప్పుడో రఘురామ్ రాసిచ్చిన కాగితం చూసుకుంటూ, ఆజ్ఞలు టైపు చేసే నల్ల కిటికీ సర్వాధికారాలతో తెరిచారు. ఒకే పేరుతో రెండు ఫైళ్ళు కనబడ్డాయి. ఒకదానికి పాత నంబరు, ఒకదానికి కొత్త నంబరు. ఇక ఆయనకు విచారణ అక్కర్లేకపోయింది. కొత్త ఉత్తర్వు వచ్చాక పాతది ఉంచడం నేరం. అయితే నియమం తెలిసిన మనిషి గనక నేరుగా తగలబెట్టలేదు. రద్దు కట్ట అని ఒక ఫోల్డరు తెరిచి, పాత ఫైలును అందులోకి మార్చారు. రద్దు కట్ట మూడు నెలలు ఉండాలి, ఆ తర్వాతే నిప్పు.

ఆ క్షణం నుంచి కంప్యూటర్ సహాయ నిరాకరణ మొదలుపెట్టింది. ఏ ఆజ్ఞ ఇచ్చినా ఒకటే జవాబు, కావలసిన ఫైలు కనబడలేదని. అనసూయమ్మ పుస్తకాల జాబితా తెరవబోతే అదీ తెరుచుకోలేదు.

"ఒకసారి ఆపి వేస్తే సరి," అంటూ ఆయన బటన్ మీద వేలు పెట్టారు.

అనసూయమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. "ఏమండీ, ఆ సీలు కవరు బీరువాలో ఉందిగా?"

ఆయన కాసేపు కళ్ళజోడు తుడుచుకున్నారు. "దాని గడువు ఏడాదే. మార్చిలో తీసేశాను."

"తీసేశానంటే?"

"చించేశాను."

"పోనీ, ఆ మాట గుర్తుందా?"

"గుర్తుంచుకునేదైతే కవరెందుకు?"

ఆవిడ ఆ చెయ్యి వదలకుండానే రెండో చేత్తో రఘురామ్‌కు ఫోన్ చేసింది. అతను అంతా విని, ముందు అంకుల్‌ని కంప్యూటర్‌కి దూరంగా కూర్చోమన్నాడు. తర్వాత ఓపిగ్గా చెప్పాడు. ఆ పాత ఫైలు లేకుండా కంప్యూటర్లో ప్రోగ్రాములనే పనివాళ్ళెవరూ అడుగు కదపలేరు. కొత్తది సగమే దిగింది గనక పనికిరాదు. నల్ల కిటికీ మాత్రం ఫైలు తీసెయ్యకముందే తెరిచింది కాబట్టి, దానికి కావలసింది తన దగ్గరే పెట్టుకుని ఉంది.

"ఆ కిటికీ ఒక్కటీ మూయకండి ఆంటీ. మూస్తే ఇంకోటి తెరుచుకోదు."

"ఆ సంగతి నాకు కొత్తగా చెప్పక్కర్లేదు నాయనా," అంది అనసూయమ్మ.

రఘురామ్ ఇప్పుడు భయపడుతూ అడిగాడు. "అంకుల్, ఆ ఫైలు పూర్తిగా చెరిపేశారా? ఎక్కడైనా పెట్టారా?"

"చెరపడానికి నేనేమన్నా కొత్తవాణ్ణా? రద్దు కట్టలో ఉంది. మూడు నెలలు ఉంటుంది."

 అటువైపు నుంచి నవ్వు వినబడింది. కొంప ముంచిన నియమమే కొంప నిలబెట్టిందని అతను హిందీలో ఎవరికో చెబుతున్నాడు.

దారి ఒకటి ఉందన్నాడు. ఫైళ్ళు వెతికి అందించే బంట్రోతు ఒకడు ఇంకా సీట్లోనే ఉన్నాడు. వాణ్ణి పేరు పెట్టి పిలిచి, పాత ఫైలు రద్దు కట్టలో ఉందని చూపించి, దాంతోనే ఫైళ్ళు మోసే పనివాణ్ణి లేపి, ఫైలును స్వస్థానానికి చేర్పించాలి. ఇదంతా ఒకే ఆజ్ఞలో రాయాలి. భీమేశ్వరరావు గారికి మొదటిసారి కంప్యూటర్ అర్థమైంది. "అచ్ఛా, ఆఫీసే కదా," అన్నారు.

ఆజ్ఞ ఫోన్‌కి వచ్చింది. లైనున్నర పొడుగు, దారి పొడుగునా చుక్కలూ ఏటవాలు గీతలూ. టైపు చెయ్యడానికి ఆవిడ కూర్చుంది. కిటికీ మూసే గుర్తు మీదికి పొరపాటున పోతుందేమోనని మౌసు తీసి ఆయనకిచ్చింది. ఆయన దాన్ని పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకుని, ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటూ కూర్చున్నారు.

మొదటిసారి రాలేదు. ఒక చుక్క తప్పిపోయింది. ఆవిడ కొంగుతో వేళ్ళు తుడుచుకుని, ఒక్కో అక్షరం పైకి చదువుకుంటూ మళ్ళీ కొట్టింది. ఈసారి జవాబే రాలేదు. నల్లటి తెర మీద ఖాళీ గీత ఒకటి రెప్పలాడిస్తోంది.

"ఏం రాలేదు నాయనా," అంది. 

"ఏం రాకపోతే పని అయినట్టే ఆంటీ."

ఏ కబురూ రాకపోవడాన్ని శుభవార్త అనుకోవడం ఆవిడకు ఈ వయసులో చేతకాలేదు. జాబితా తెరిచి చూశాకే నమ్మింది. రెండు వేల నూట పదకొండూ ఉన్నాయి. రఘురామ్ చెప్పినట్టు వెంటనే రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించింది. నకళ్ళకు భీమేశ్వరరావు గారు అభ్యంతరం చెప్పలేదు. శనివారం వచ్చి అంతా కొత్తగా వేస్తానని, ఈసారి తాళంమాట ఆంటీయే పెడతారని చెప్పి రఘురామ్ ఫోన్ పెట్టేశాడు.

అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో తనిఖీ చెయ్యాలని భీమేశ్వరరావు గారు తెర ముందుకు జరిగారు. నాలుగేళ్ళలో ఆ జాబితా ఆయన చదవడం అదే మొదలు. పది చూసి లేవాల్సిన మనిషి వందకు పైగా చూశారు. ఒకచోట ఆగిపోయారు. తనను సాగనంపిన రోజు ఆఫీసువాళ్ళు ఇచ్చిన నవల అది. ఇంటికి తెచ్చిన వారానికే సంఘానికి ఇచ్చేశారు. దాని కింద ఇలా ఉంది: "పేజీలు అంటుకునే ఉంటే కత్తితో విడదీసి చదివాను. ఇచ్చినవారు చదివి ఉంటే ఇచ్చేవారు కాదు."

ఆయన ఆ రెండు వాక్యాలూ రెండుసార్లు చదివారు.

"అంత బాగుంటుందా?"

అనసూయమ్మ లేచి, మూడో బీరువా కింది అరలోంచి పుస్తకం తీసి, దుమ్ము దులిపి ఆయన ఒళ్ళో పెట్టింది.

"ఎన్ని రోజుల్లో తిరిగివ్వాలి?" అన్నారు ఆయన, రిజిస్టరు కోసం చూస్తూ.

"చదివాక," అంది ఆవిడ.